అన్నం పక్కనపెట్టి ఓ సీజన్: హైదరాబాద్‌లో కీటో ఎలా చేయాలి

కీటో అంటే అన్నం, రొట్టెల్లాంటి పిండిపదార్థం బాగా తగ్గించి, కొవ్వు ఎక్కువ తినే పద్ధతి. అది చేద్దామనుకోగానే మనవాళ్లు ముందు కొనేది నెయ్యి డబ్బా. నన్నడిగితే మొదటి వారం కొనాల్సింది ఏమీ లేదు. ఇవ్వాల్సింది మాత్రం ఒకటుంది, రక్తం. పొద్దున్నే పరగడుపున ల్యాబ్‌కి వెళ్లి పరీక్షలు చేయించుకోండి. మిగతావన్నీ ఆ రిపోర్టు చేతికి వచ్చాకే.

నాకు షుగర్ అంచుమీద ఉందని తేలాక బరువు తగ్గమన్నారు. హెచ్‌బీఏ1సీ (గత కొన్ని నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ఆ అంచు, 6.5 గానీ అంతకన్నా ఎక్కువగానీ ఉంటే షుగర్ వచ్చినట్టే. కొన్ని నెలలు డాక్టర్ పర్యవేక్షణలో కీటో చేశాను. బరువు తగ్గింది, షుగర్ దిగింది, ఆ తర్వాత మానేశాను. మానేయడం కూడా ముందే వేసుకున్న లెక్క ప్రకారమే. నాకు తెలిసిందల్లా రెండు ముక్కలు: మన ఇంట్లో కీటో అంటే రోజూ వండుకునే కూరనే కంచం నిండా పెట్టుకుని తినడం, దీన్లోకి దిగేముందే బయటికి వచ్చే దారి చూసుకోవడం. ఎలాగో ఇప్పుడు చెప్తాను.

ముందు డాక్టరు

ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్, క్రియాటినిన్, లివర్ పరీక్ష, యూరిక్ యాసిడ్, థైరాయిడ్. ఇవి ఏ బస్తీలో ఉన్నా దొరుకుతాయి, చాలా ల్యాబ్‌లవాళ్లు ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్తారు. ఆ కాగితాలు, మీరు వేసుకునే మందుల చీటీ పట్టుకుని డాక్టర్ దగ్గర కూర్చోండి. "కీటో చేయొచ్చా" అని ఊరికే అడిగితే "చేయండి" అనో "వద్దు" అనో అనేస్తారు. "రోజుకి 40 గ్రాముల కార్బ్స్‌కి (పిండిపదార్థాలకి) దిగుతున్నాను, నా మందుల్లో ఏవి మార్చాలి" అని అడగండి. అప్పుడు చీటీ చూసి జవాబు చెప్తారు.

ఇది ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, గ్లిమెపిరైడ్ లాంటి బిళ్లలో ఇన్సులినో వాడేవాళ్లు మందు తగ్గించకుండా అన్నం మానేస్తే షుగర్ దబ్బున పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మందులతో ప్రమాదం ఇంకో వైపు నుంచి వస్తుంది. షుగర్ మామూలుగానే కనిపిస్తున్నా రక్తంలో కీటోన్లు (కొవ్వు నుంచి లివర్ తయారుచేసే పదార్థాలు), ఆమ్లం పెరిగిపోయి ఐసీయూ దాకా తీసుకెళ్లగలవు. గ్లూకోమీటర్‌లో అంకె బాగుందని ధీమాగా ఉండటానికి లేదు. ఆ మందుల మీద ఉన్నవాళ్లు సొంతంగా మొదలుపెట్టొద్దు. బీపీ మందులు కూడా చాలామందికి తగ్గించాల్సి వస్తుంది.

టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, పాంక్రియాస్ వాపు వచ్చినవాళ్లు ఈ వ్యాసం ఇక్కడితో ఆపేయొచ్చు. మీకిది కాదు. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లకి మొదటి వారాల్లో అది ఇంకా పెరగొచ్చు, కీళ్లు పట్టేసే బాధ ఉంటే అడిగి చేయండి.

అసలు ఈ తిండి పుట్టింది బరువు కోసం కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రసెల్ వైల్డర్ అనే డాక్టర్ మూర్ఛరోగుల కోసం దీన్ని ప్రతిపాదించి, ఈ పేరు పెట్టాడు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకి ఇప్పటికీ ఆసుపత్రుల్లో గ్రాముల్లో తూచి ఇస్తారు. అంటే పుట్టుకతోనే ఇది డాక్టర్ చేతిలో ఉండాల్సిన వైద్యం. మన దగ్గర మాత్రం కీటో అన్న మాట కన్నా ముందే వీరమాచనేని రామకృష్ణ గారి ప్రసంగాలతో కొబ్బరినూనె, నిమ్మకాయలు ఇంటింటికీ వచ్చాయి. నేను చెప్పేది ఆ పద్ధతి కాదు. దాన్లోంచి సగం, దీన్లోంచి సగం కలిపి మూడోది తయారుచేయకండి.

కాలం చూసుకోండి

మే నెలలో మొదలుపెట్టొద్దు. కీటో మొదట్లో ఒంట్లోంచి నీళ్లు, ఉప్పు బాగా పోతాయి. దానికి మన ఎండలు తోడైతే కళ్లు తిరుగుతాయి. శ్రావణం, కార్తీకం పాటించే ఇళ్లలో కోడిగుడ్డు, మాంసం గడప దాటి రావు. అంతటితో మీ లెక్క సగం పోతుంది. దసరాకి చుట్టాలు, ఆ తర్వాత పెళ్లిళ్లు.

నాకు కుదిరిన కాలం సంక్రాంతి నుంచి ఉగాది. అరిసెలు, సకినాలు తృప్తిగా తినేసి, డబ్బాలు ఖాళీ అయ్యాక మొదలుపెట్టండి. ఎండలు ముదిరేలోపు ఉగాదికి బయటికి రండి. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు దొరుకుతాయి, మొదటిసారి చేసేవాళ్లకి అంతకన్నా అక్కర్లేదు. చిక్కల్లా ఈమధ్య రంజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది. వీధి వీధిలో హలీం బట్టీలు. హలీం మాంసమే కదా అని కొందరు లాగించేస్తారు. దాన్లో గోధుమలు కూడా బాగానే పడతాయి.

లెక్క ఒక్కసారి చేసి ఫ్రిజ్‌కి అంటించండి

వంటింటి త్రాసు ఒకటి కొనండి. ఈ మొత్తం వ్యవహారంలో పనికొచ్చే వస్తువు అదొక్కటే. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మనం కంచంలో వేసుకునేది 300 గ్రాములకు తక్కువుండదు. అంటే ఒక్క పూట అన్నమే 80 దాటింది. కీటోలో రోజు మొత్తానికి 20 నుంచి 50 గ్రాములు.

ఏ కాయలో ఎంతుందో చూడాలంటే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికలు ఉన్నాయి. 528 రకాల మన తిండి గింజలు, కూరలు, మాంసాలు పరీక్షించి వేసినవి. విదేశీ యాప్‌లో పొట్లకాయ కోసం వెతుక్కోవడం కన్నా ఇది నయం. ఆ సంస్థ కీటో చేయమని చెప్పదు, ఆ మాట కూడా తెలిసుండాలి. ధాన్యాలు, చిరుధాన్యాల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 45 శాతం మించొద్దు అంటుంది. మనం తినేది దానికంటే చాలా ఎక్కువ, అందుకే అన్నం కాస్త తగ్గించినా ఒంట్లో తేడా కనిపిస్తుంది.

ఉదాహరణకి 1500 కేలరీల రోజు తీసుకుందాం. కార్బ్స్ 40 గ్రాములు, ప్రొటీన్ 80, కొవ్వు 110 చిల్లర. కొవ్వు 110 గ్రాములా అని గుండె ఆగినంత పనవుతుంది కానీ అదంతా గరిటెతో పోసుకునేది కాదు. మూడు గుడ్లు, 150 గ్రాముల కోడి లెగ్ ముక్కలు, 100 గ్రాముల పనీర్, చిన్న గిన్నెడు పెరుగు, గుప్పెడు బాదం పప్పులు. వీటిలోనే 65 గ్రాముల దాకా కొవ్వు వచ్చేసింది, ప్రొటీన్ కూడా 75 దాటింది. మిగిలిన కొవ్వుకి మూడు పెద్ద చెంచాల నూనె, నెయ్యి కలిపి చాలు. ఆ నూనెతో దాదాపు అరకిలో కూరగాయలు వండుకోండి, కార్బ్స్ 40 లోపే ఉంటాయి. ఇదే మీ రోజు. కాఫీలో వెన్న కలుపుకోవాల్సిన అవసరం ఎక్కడా లేదు.

గుడ్డు, మాంసం ముట్టనివాళ్లకి కష్టం, దాచడం దేనికి? పనీర్, టోఫూ, పెరుగు, పల్లీలు, బాదం, నువ్వుల మీదే బండి లాగాలి. నెల తిరిగేసరికి పనీర్ పేరు చెప్తే విసుగొస్తుంది. అలాంటివాళ్లు 50 గ్రాముల దగ్గర ఉండి, రెండు రోజులకోసారి పలుచని పప్పు పెట్టుకోవడం మేలు. కందిపప్పులో 100 గ్రాములకి 55 గ్రాముల పైనే పిండిపదార్థం ఉంది, కాబట్టి గిన్నెడు కాదు, గరిటెడు.

జొన్న రొట్టె, కొర్రలు, రాగి సంకటి? కీటోలో లేవు. ఒంటికి మంచివే. కానీ జొన్నపిండిలో కూడా 100 గ్రాములకి 65 నుంచి 70 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఒక్క రొట్టెతో రోజు కోటా అయిపోతుంది. "మిల్లెట్లతో కీటో" అని ఎవరైనా అమ్మితే నవ్వి వచ్చేయండి.

రైతుబజార్‌లో

ఎర్రగడ్డ కానివ్వండి, మెహదీపట్నం కానివ్వండి, సంచిలోకి ఇవి: బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, దొండకాయ, వంకాయ, బెండకాయ, కాకరకాయ, దోసకాయ, క్యాబేజీ, గోబీ. ఆకుకూరలైతే ఏదైనా సరే, పాలకూర, తోటకూర, పుంటికూర, చుక్కకూర, మెంతికూర. వదిలేయాల్సినవి ఆలుగడ్డ, చామగడ్డ, కంద, చిలగడదుంప, అరటికాయ, బీట్‌రూట్, మక్కబుట్టలు. టమాటా, ఉల్లిగడ్డ పోపు వరకే. ఉల్లిగడ్డ 100 గ్రాముల్లో 9 గ్రాముల దాకా ఉంటుంది. మన మటన్ కూరకి నాలుగు ఉల్లిగడ్డలు కోసే అలవాటుంది, దాన్ని ఒకటికి తెచ్చుకోవాలి. చింతపండు సంగతి కూడా అంతే, చారు పలచగా కాసుకుని బెల్లం మానేస్తే ఒక గ్లాసుతో ఏమీ కాదు.

బాదం, అక్రోట్లు, అవిసెగింజలు, నువ్వులు బేగంబజార్‌లో తెచ్చుకుంటే గిట్టుబాటు అవుతుంది. జీడిపప్పు వద్దు, గుప్పెడు తింటే పది గ్రాముల దగ్గరికి వెళ్తుంది. "కీటో" అని రాసున్న పిండ్లు, బిస్కెట్లు కొనే ముందు వెనక అట్ట మీద 100 గ్రాముల లెక్క చదవండి. నేను చదివినవాటిలో ఎక్కువ భాగం మళ్లీ అరలోనే పెట్టేశాను.

వంట

కాలీఫ్లవర్ తురిమి దాన్నే అన్నం అనుకోమంటారు. నేను అనుకోలేకపోయాను. పక్కన నిజమైన అన్నం ఉడుకుతున్న ఇంట్లో ఆ నాటకం రెండు పూటలు కూడా సాగదు. గోబీని గోబీలాగానే, పల్లీ నూనెలో మిరియాలు, కరివేపాకు వేసి వేయించుకుంటే ఎంతో బాగుంటుంది.

మన కూర అన్నంలో కలుపుకోవడానికి తయారైంది, అందుకే కారం, ఉప్పు, పులుపు ఎక్కువ. అదే కూరని ఉత్తగా కంచం నిండా తింటే నాలుక మండుతుంది. కాబట్టి కారం సగం చేయండి, ముక్కలు పెద్దవి కోయండి, ఇగురు దగ్గరికి రానివ్వండి. బీరకాయ కోడిగుడ్డు, సొరకాయ మటన్, పుంటికూర మటన్, పాలకూర పనీర్, నువ్వులపొడి చల్లిన దొండకాయ వేపుడు, మెంతికూర చికెన్. ఇవన్నీ ఇంట్లోవాళ్లు అన్నంతో తింటారు, మీరు గిన్నెతో తింటారు. రెండు వంటలు చేయాల్సిన పని లేదు. కీటో మానేసినవాళ్లలో చాలామంది రెండు వంటలు చేయలేకే మానేశారని నా అనుమానం.

టిఫిన్‌కి ఇడ్లీ, దోశ, ఉప్మా పోయాయి. పెసరట్టు కూడా పోయింది. ఉల్లికాడలు వేసిన ఆమ్లెట్, పక్కన ఆవకాయ. ఆవకాయంటే పచ్చిమామిడి, నూనె, ఉప్పు, కారం, ఆవపిండే కదా, భేషుగ్గా నడుస్తుంది. మధ్యాహ్నం ఆఫీసు డబ్బాలో కూర, పెరుగు. రాత్రి చేపో పనీరో. కొవ్వంతా నెయ్యి, కొబ్బరినూనెల నుంచే తెచ్చుకోవద్దు. చెడు కొలెస్ట్రాల్ పెంచడంలో ఆ రెండూ ముందుంటాయి. పల్లీ నూనె, నువ్వుల నూనె, గింజలు, చేపలు ఎక్కువ భాగం ఉండాలి.

చాయ్ చక్కెర లేకుండా, పాలు తగ్గించి. ఇరానీ చాయ్ ఈ కొన్ని వారాలు వద్దు. రెండు చెంచాల చక్కెర అంటేనే 8 నుంచి 10 గ్రాములు, పాలది అదనం. పక్కన ఉస్మానియా బిస్కెట్ తినకుండా ఇరానీ కేఫ్‌లో కూర్చోగలిగినవాళ్లని నేనింతవరకు చూడలేదు.

మొదటి వారం: ఉప్పు

రెండో రోజో మూడో రోజో తల దిమ్ముగా అవుతుంది. ఒళ్లు నీరసం, చిరాకు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం. జ్వరం వస్తుందేమో అనిపిస్తుంది. కీటో పడట్లేదని చాలామంది ఇక్కడే ఒక ప్లేటు బిర్యానీతో ముగించేస్తారు.

జరుగుతున్నది ఇదీ. పిండిపదార్థం తగ్గగానే ఒంట్లో ఇన్సులిన్ తగ్గుతుంది, దాంతో కిడ్నీలు ఉప్పుని ఎక్కువగా బయటికి పంపుతాయి, ఉప్పు వెంట నీళ్లు పోతాయి. ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ తాగితే ఉన్న ఉప్పు కూడా పలచబడుతుంది. అందుకని పొద్దున, సాయంత్రం పలచని మజ్జిగలో ఉప్పు, జీలకర్ర వేసుకుని తాగండి. నిమ్మకాయ ఉప్పు నీళ్లు తాగండి. మాంసం తినేవాళ్లకి ఎముకల సూపు కన్నా మంచి మందు లేదు. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టర్‌ని అడగాల్సిందే. మలబద్ధకం చాలామందికి వస్తుంది. రాత్రి చెంచాడు ఇసబ్‌గోల్, ఆకుకూర రోజూ ఒక పూట.

మొదటి వారం తూకంలో కిలోన్నర, రెండు కిలోలు తగ్గుతారు. ఊళ్లో అందరికీ చెప్పకండి, అది నీరు. లివర్‌లో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా గ్లైకోజెన్ (ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం) నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము తన వెంట మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. నిల్వ ఖర్చయ్యేకొద్దీ నీరు పోతుంది. ఆ తర్వాతే లివర్ కొవ్వుని కీటోన్లుగా మార్చి మెదడుకి, కండరాలకి అందించడం జోరందుకుంటుంది. నోరు ఒకలాంటి గోళ్లరంగు తుడిచే మందు వాసన వేస్తే కంగారుపడొద్దు, అది అసిటోన్. మూత్రంలో ముంచి కీటోన్లు చూసుకునే పట్టీలు మందుల షాపుల్లో దొరుకుతాయి, మొదటి పది రోజులు సరదాకి చూసుకోవచ్చు. తర్వాత రంగు పలచబడుతుంది, అంతమాత్రాన కీటో పోయినట్టు కాదు. కానీ వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే పట్టీలు చూస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

రెండు మూడు నెలలకి జుట్టు రాలడం కొందరిలో కనిపిస్తుంది, ముఖ్యంగా ఆడవాళ్లలో. బరువు వేగంగా తగ్గినప్పుడు ఏ తిండితోనైనా జరిగేదే. ప్రొటీన్ తగ్గుతోందేమో చూసుకోండి, చాలామందికి కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది.

ఇంట్లో, బయట

మా అత్తమ్మది ఒకటే పాట: "గిదేం తిండి బిడ్డా, అన్నం ముద్ద లేకుంట కడుపెట్ల నిండుతది?" ఆమెకి కీటోన్ల గురించి చెప్పి లాభం లేదు. "డాక్టర్ ఉగాది దాక వద్దన్నడు అత్తమ్మా" అన్నాను. డాక్టర్ మాట, పైగా గడువున్న మాట. ఆ తర్వాత నా గిన్నెలోకి కూర ఇంకో గరిటె ఎక్కువ పడటం మొదలైంది. మీ ఇంట్లోనూ తేదీ చెప్పి చూడండి, "ఇక జన్మలో అన్నం తినను" అన్నారంటే మాత్రం రోజూ పంచాయితీయే.

బయట తినాల్సి వస్తే మన ఊరు కీటోకి పగ ఊరేం కాదు. తందూరీ చికెన్, పత్తర్ కా గోష్, కాల్చిన చేప, పెళ్లిళ్లలో మరగ్ (మటన్ సూపు), అన్నీ నడుస్తాయి. మండీకి వెళ్తే పళ్లెంలో మాంసం మీవైపు, అన్నం స్నేహితులవైపు. చికెన్ 65, అపోలో ఫిష్, మంచూరియా వద్దు, వాటికి పట్టించేది కార్న్‌ఫ్లోర్, మైదా. షికంపూర్ కబాబ్‌లో శనగపప్పు ఉంటుంది. కర్రీ పాయింట్ కూరలు కూడా ఈ కొన్ని వారాలు ఆపేయడమే మంచిది, గ్రేవీ చిక్కబడటానికి ఏం కలిపారో మనకి తెలియదు.

బయటికి రావడం

మూడు నెలల దగ్గర మళ్లీ అవే పరీక్షలు చేయించండి. హెచ్‌బీఏ1సీ గత మూడు నెలల షుగర్ సగటుని చూపిస్తుంది కాబట్టి అంతకుముందు చేయిస్తే సగం కథే తెలుస్తుంది. లిపిడ్ రిపోర్ట్‌లో ట్రైగ్లిజరైడ్లు తగ్గడం మామూలు. ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ కొందరిలో బాగా పెరుగుతుంది. అలా పెరిగితే బరువు ఎంత తగ్గినా సరే కీటో కొనసాగించొద్దు, డాక్టర్‌ని కలవండి.

రిపోర్టులు బాగున్నా సరే, ఏడాదంతా ఇలాగే ఉండటంలో నాకు పెద్ద లాభం కనిపించలేదు. 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని రెండు జట్లు చేసి, ఒకరికి కార్బ్స్ తక్కువ తిండి, ఇంకొకరికి కొవ్వు తక్కువ తిండి సూచించి ఏడాది తర్వాత తూస్తే రెండు జట్ల బరువు తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది అచ్చంగా కీటో కాదు. అయినా ఏడాది పాటు నిలబెట్టుకోగలిగిన తిండే పనిచేస్తుందన్న నా అనుభవానికి అది దగ్గరగా ఉంది.

వచ్చేటప్పుడు ఒక్కసారిగా రావద్దు. మొదటి వారం ఒక జామకాయ, గరిటెడు పప్పు. రెండో వారం మధ్యాహ్నం సగం జొన్న రొట్టె. మూడో వారం రెండు గరిటెల అన్నం, అదీ కూర ముందు తిన్నాక. అలా నెలా నెలన్నరలో రోజుకి 100 నుంచి 130 గ్రాముల కార్బ్స్ దగ్గర ఆగండి. రాత్రి అన్నం మాత్రం తిరిగి తెచ్చుకోవద్దు. డాక్టర్ తగ్గించిన మందులు ఈ దశలో మళ్లీ మార్చాల్సి రావచ్చు, గ్లూకోమీటర్ ఉంటే తిన్న రెండు గంటలకి చూసి రాసిపెట్టుకోండి.

తూకంలో కిలో, రెండు కిలోలు తిరిగి ఎక్కుతాయి. పోయిన నీరు వెనక్కి వచ్చింది, అంతే. మూడు కిలోలు దాటితే మధ్యాహ్నం అన్నాన్ని ఒక గరిటెకి తగ్గించి రెండు వారాలు చూడండి, అప్పటికీ పెరుగుతుంటే త్రాసుని మళ్లీ వంటింటి గట్టు మీదికి తీయండి.